అన్నం ఎందుకు పాసిపోతుంది

ఒకప్పుడు వండిన అన్నం పాసిపోయేది కాదు.

చల్లారేది, గట్టిపడేది, అంతే. చెడేది మాత్రం కాదు. ఈ పూట వండింది మర్నాటికీ బాగుండేది, మరుసటి నెలకీ బాగుండేది. వానలో తడిసినా, ఎండలో పడున్నా, ఎవరైనా మూత పెట్టడం మరిచిపోయినా దానికేమీ అయ్యేది కాదు.

పైగా అన్నం మాట్లాడేది. అన్నమే కాదు, గారె మాట్లాడేది, పులుసు మాట్లాడేది, పచ్చడి కూడా ఘాటుగా ఒకటీ అరా మాట విసిరేది. ఆకలేసినవాళ్ళు వంటింట్లోకొచ్చి కుండ మూత తీస్తే, "రా నాయనా, నీకోసమే కూర్చున్నా" అనేది అన్నం.

ఎందుకలా కూర్చునేదంటే, మనుషులు మొట్టమొదట వరి పండించినప్పుడు అది వాళ్ళకి ఒక మాటిచ్చింది. "మీరు దున్నారు, నాటారు, కోశారు, దంచారు. నాకోసం నడుములు విరగ్గొట్టుకున్నారు. అందుకని మీ ఆకలి నన్ను పిలిచేదాకా కాచుక్కూర్చుంటాను. కదలను, చెడను" అంది.

అన్నం ఆ మాట మీద నిలబడింది. మనుషులే నిలబడలేదు.

కొండవాలున, గెడ్డ పక్కన, జీడివలస అని ఒక ఊరుండేది. గెడ్డంటే కొండ మీంచి ఉరుక్కుంటూ దిగే వాగు. ఆ ఊళ్ళో కొత్తల పండగ మహా గొప్పగా చేసేవాళ్ళు. కొత్త ధాన్యం ఇంటికొచ్చాక, ఆ బియ్యంతో తొలిసారి వండుకునే పండగ అది.

గొప్పంటే ఎలాంటి గొప్ప? తినడంలో కాదు, మిగల్చడంలో!

ఎవరింట్లో ఎక్కువ మిగిలితే వాళ్ళది పెద్దిల్లు. పదిమంది తినే చోట వందమందికి వండేవాళ్ళు. మర్నాడు పొద్దున్నే మిగిలినదంతా తట్టలకెత్తి పెరట్లో కుప్ప పోసేవాళ్ళు. నిన్నటిది ఇవాళ తింటే నామోషీ. అన్నం చెడదు కదా, ఆ కుప్ప అలాగే ఉండేది. ఏటికేడాది పెరిగి గుట్టయ్యేది. దారినపోయేవాళ్ళకి కనబడాలని పెరటికి గోడ కూడా కట్టుకునేవాళ్ళు కాదు.

"అదిగో, ఆ గుట్ట మా తాత మొదలెట్టింది" అని చుట్టాలకి చూపించేవాళ్ళు.

కాకులు తినేవి, కుక్కలు తినేవి, చీమలు బారులు తీరి మోసుకుపోయేవి. వాటికి అడ్డు లేదు. అవెంత తిన్నా గుట్ట తరిగేది కాదు. మనుషులు మాత్రం ముట్టుకోకూడదు. పేదాసాదా వచ్చి ఎత్తుకుపోతే గుట్ట తరుగుతుంది. గుట్ట తరిగితే ఇంటి పేరు తరుగుతుంది. అందుకని కర్రిచ్చి ఒక కావలివాణ్ణి కూర్చోబెట్టేవాళ్ళు.

పాపం, గుట్ట మీది అన్నానికి ఇదేమీ తెలియదు. దారినపోయే ప్రతివాణ్ణీ పిలిచేది. "బాబూ, డొక్కలు ఎండిపోయున్నాయి, కాస్త తినిపోరాదూ?" అనేది. ఆ బాబు కావలివాడి కర్ర చూసేవాడు. గుటక మింగి, తల తిప్పుకుని పోయేవాడు.

ఊళ్ళో అన్నిటికన్నా ఎత్తయిన గుట్ట జగ్గునాయుడిది.

జగ్గునాయుడింట్లో వంటచేసే మనిషి పేరు తవిటమ్మ. ఆవిడకన్నా ముందు పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోయారు. ఈ పిల్లయినా దక్కాలని తల్లి ఆవిణ్ణి పొరుగావిడకి చేటెడు తవుడుకి అమ్మినట్టు అమ్మి, మళ్ళీ అడిగి తెచ్చుకుంది. తవుడుకొచ్చిన పిల్ల కాబట్టి తవిటమ్మ.

జీడివలసలో ఆవిడ చెయ్యి లాంటి చెయ్యి ఇంకొకరికి లేదు. పండగ వంట ఎవరైనా చేస్తారు. పండగ మర్నాటి వంట తవిటమ్మే చెయ్యాలి. అది నిన్నటిదని పైకి ఎవరూ అనరు, వేళ్ళు నాక్కుంటూ తింటారు.

మిగిలిన గారెలు నానబెట్టి మజ్జిగపులుసులో వేసేది. ముద్దపప్పులో చింతపండు పిండి, ఇంగువ పోపు పెట్టి చారు కాచేది. బూరెలు చిదిపి పాలల్లో వేసి పాయసం దించేది. అన్నం మెదిపి, అల్లం, ఉల్లిపాయ, కాస్త బియ్యప్పిండి కలిపి పుణుకులు వేసేది. ఇంకా మిగిలితే జీలకర్ర వేసి వడియాలు పెట్టేది. గుమ్మడికాయ చెక్కు కూడా పారేసేది కాదు, దాంతో పచ్చడి నూరేది.

"ఇంత శ్రమ ఎందుకమ్మా? అలాగే తినొచ్చు కదా, చెడలేదు కదా?" అని అడిగేది కూతురు కొండమ్మ.

"నిన్నటి మొహంతో వస్తే ఎవరూ దగ్గరికి రానివ్వరే. కొత్త చీర కట్టి పంపితే పీటేసి కూర్చోబెడతారు" అని నవ్వేది తవిటమ్మ.

ఆవిడకి కూలి అంటూ ఏమీ లేదు. జగ్గునాయుడి భార్య రావులమ్మ ఒక ఏర్పాటు చేసింది. "గుట్టకెళ్ళేది గుట్టకే వెళ్ళాలి. గిన్నెల అడుగున ఉండిపోయింది మాత్రం నువ్వు పట్టుకుపో" అంది. అదే కూలి. తవిటమ్మ ఆ అడుగులన్నీ గోకి, గెడ్డ ఒడ్డున ఉన్న తన గుడిసెలో కుండలకెత్తి వరసగా పెట్టుకునేది. వానాకాలంలో పనులుండవు. అప్పటికి ఆ కుండలే దిక్కు.

ఆ ఏడాది కుండలు మరీ అవసరమయ్యాయి. కొండమ్మకి నెలలు నిండుతున్నాయి. ఎడ్లు తోలుకుని కొండలవతలికి వెళ్ళిన ఆమె మొగుడు తిరిగి రాలేదు. కబురూ లేదు. తల్లీ కూతుళ్ళు పుట్టబోయే బిడ్డకోసం ఆ కుండలవంకే చూసుకుంటూ రోజులు గడుపుతున్నారు.

తవిటమ్మ రోజూ ఒకసారి మూతలు తీసి పలకరించేది. "ఉన్నావా తల్లీ?"

"ఉన్నానే. పిల్లదాన్ని భయపడొద్దను" అనేది అన్నం.

కొత్తల పండగొచ్చింది. జగ్గునాయుడింటికి వియ్యంకులు రావాలి. పెద్దమ్మాయి అత్తమామలు వాళ్ళు. పైన కొండల్లో అకాల వాన కురిసి గెడ్డ పొంగడంతో అవతలి ఒడ్డునే చిక్కుబడిపోయారు. పండగ అయిపోయింది. ఇక రారనుకున్నారు. దంచిన కొత్తబియ్యమంతా వండేశారు. మర్నాడు తెల్లారకముందే మిగిలిందంతా తట్టల్లో గుట్టకెక్కేసింది.

సరిగ్గా అన్నాల వేళకి వియ్యంకుల బండి వాకిట్లో ఆగింది.

రావులమ్మకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ధాన్యం దంచి వండేసరికి పొద్దుగుంకుతుంది. గుట్ట మీద తెద్దామంటే అప్పుడే కాకులు మూగాయి. ఆవిడ వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది. తవిటమ్మ తనకి దక్కిన అడుగులు కుండల్లో సర్దుకుంటోంది.

"తవిటమ్మా, నా పరువు నీ చేతిలో ఉందే" అని రావులమ్మ ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

"ఇవి నిన్నటివమ్మగారూ" అంది తవిటమ్మ.

"తెలుసే. నువ్వు చేస్తే ఎవరు గుర్తుపడతారు? నేనే ఎన్నోసార్లు గుర్తుపట్టలేదు. ఏమైనా వస్తే నేనున్నాగా!"

నేనున్నాగా అనే మాట ఎవరికైనా ధైర్యమే కదా! తవిటమ్మ కొంగు బిగించింది. గారెలు మజ్జిగలో దించింది. చారు పొంగించింది. పుణుకులు కరకరలాడేలా వేసింది. పాయసంలో ఏలకులు దంచి పోసింది. వడ్డనకి పంపేముందు గిన్నెలమీదికి వంగి రహస్యంగా చెప్పింది.

"ఈ పూటకి మీరెవరూ నోరు మెదపకండి."

"ఎందుకూ?" అంది గారె.

"ఎందుకో నేను తర్వాత చెబుతా."

విస్తళ్ళు వేశారు. వియ్యంకుడు పప్పుచారు జుర్రుతూ తలెత్తలేదు. వియ్యపురాలు గారె తుంచి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"వదినగారూ, వెన్నలా కరిగిపోతోందండీ! ఇలాంటి గారె మా వైపు ఎరగం. ఇప్పుడే వేయించారా?"

రావులమ్మ మొహం వెలిగిపోయింది. "మీకోసమే వేయించానండీ, ఇప్పుడే" అంది.

విస్తట్లోని గారె పొంగిపోయింది. పుట్టిన దగ్గర్నుంచీ దాన్నెవరూ మెచ్చుకోలేదు. నిన్నంతా వెదురుబుట్టలో ఒక మూలన పడుంది. పైగా దానికి అబద్ధమంటే ఏమిటో తెలియదు.

"ఇప్పుడు కాదమ్మా! నన్ను నిన్న వేశారు" అంది సంబరంగా. "నిన్న ఎవరూ తినలేదు. గుట్టకి పోవాల్సినదాన్ని. తవిటమ్మ దాచి, ఇవాళ మజ్జిగలో వేసి ఇలా తయారుచేసింది!"

"నేనూ నిన్నటిదాన్నే!" అంది పుణుకుల్లోని అన్నం.

"నేను మొన్నటి పూర్ణం, నిన్నటి బూరె, ఇవాళ పాయసం!" అంది పాయసం.

చారు కూడా ఏదో చెప్పబోయింది. ఎవరూ వినలేదు.

వియ్యంకుడు చెయ్యి విదిలించి లేచాడు. అంతవరకూ లొట్టలేసుకుంటూ తిన్న మనిషే! "బావా, మాకు నిన్నటి కూడు పెట్టావా?" అన్నాడు.

వియ్యపురాలు నోట్లో ఉన్నది ఆకు పక్కన ఉమ్మేసింది. "మా ఇంట్లో పాలేళ్ళకి కూడా ఇలా పెట్టం వదినగారూ" అంది.

జగ్గునాయుడి మొహం కందగడ్డయింది. భార్యవైపు తిరిగాడు. "ఏమే, ఏమిటిది?"

తవిటమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. రావులమ్మ వైపే చూస్తోంది. అమ్మగారు చెబుతుంది, నేనే చెయ్యమన్నానని చెబుతుంది, అనుకుంటోంది.

రావులమ్మ ఒక్కసారి తవిటమ్మని చూసింది. చూసి, కళ్ళు దించుకుంది.

"నాకేం తెలుసండీ? అంతా దీని పని. దీనికి దరిద్రపు చెయ్యి" అంది.

"అమ్మగారూ!" అంది తవిటమ్మ.

విస్తట్లో గారె బిత్తరపోయి చూసింది. "నేనేమైనా తప్పుగా చెప్పానా?" అని అడిగింది. ఎవరో విస్తరి మడిచేశారు.

అలిగిన వియ్యంకుల్ని చల్లబరచాలంటే ఏదో ఒకటి చెయ్యాలి. జగ్గునాయుడు మనుషుల్ని కేకేశాడు. "దీని గుడిసెలో ఉన్న నిన్నటి కూడంతా తెచ్చి గుట్ట మీద పొయ్యండి! ఇవాళ్టినుంచి ఈ ఊళ్ళో నిన్నటిది దాచుకున్నవాళ్ళు ఊరవతలే!"

మనుషులు గెడ్డ ఒడ్డుకెళ్ళారు. కొండమ్మ నిండు నెలల పొట్టతో గుమ్మానికి అడ్డం కూర్చుంది. ఆమెని పక్కకి నెట్టి లోపలికి పోయారు. కుండలన్నీ ఒక్కొక్కటే మోసుకుపోయారు. మొయ్యలేనివి అక్కడే పగలగొట్టి అన్నం తట్టలకెత్తారు. అన్నం "నేను ఈ పిల్లకి మాటిచ్చానయ్యా, నన్నెక్కడికి?" అని అడుగుతూనే ఉంది.

చివరికి మిగిలింది ఒక్కటే కుండ. అలికిడి వినబడగానే కొండమ్మ దాన్ని కట్టెలమోపు వెనక్కి తోసేసింది.

తవిటమ్మకి ఊళ్ళో ఇంకెవరూ పని ఇవ్వలేదు. జగ్గునాయుడు వద్దన్నాక ఎవరిస్తారు? ఆవిడ వంటని ఒకప్పుడు వేళ్ళు నాక్కుంటూ తిన్నవాళ్ళే ఆవిడ వస్తుంటే తలుపులు వేసుకున్నారు. తమ ఇంట్లో కూడా నిన్నటిది ఉందని ఎవరైనా అనుకుంటారేమోనని వాళ్ళ భయం.

ఆ అకాల వానలు వదలకుండా ముసురు పట్టాయి. ఆకుకూర దొరికితే ఆకుకూర, దుంప దొరికితే దుంప. ఆ ముసురులోనే కొండమ్మకి ఆడపిల్ల పుట్టింది. తవిటమ్మ ఆ ఒక్క కుండలోంచి పిడికెడు పిడికెడు తీసి కూతురికే పెట్టింది. తను గంజినీళ్ళు తాగింది.

"నువ్వు తినవేమమ్మా?" అనేది కొండమ్మ.

"నాకు దుంపలు అరగలేదే" అనేది తవిటమ్మ.

కుండ సగానికొచ్చింది. పిల్ల పాలకోసం ఏడుస్తోంది. ఇక తప్పదనుకుని ఒక మధ్యాహ్నం తవిటమ్మ జగ్గునాయుడి పెరటికి వెళ్ళింది. కావలివాడు అన్నానికి వెళ్ళాడు. వాన కాస్త తెరిపిచ్చింది. గుట్ట పైన తెల్లగా తన కుండల్లోని అన్నమే ఉంది. ఆవిణ్ణి చూడగానే గుర్తుపట్టింది.

"వచ్చావా తవిటమ్మా! పిల్ల పుట్టిందా?"

"పుట్టింది తల్లీ. బాలింతకి కూడు లేదు. కాస్త వస్తావా?"

"కాస్తేమిటి, నీ కొంగు పట్టినంత వస్తాను" అంది అన్నం.

తవిటమ్మ కొంగు పరిచి రెండు చేతులతో ఎత్తుకుంది. మూట కట్టబోతోంది. అంతలో వెనకనుంచి కర్ర విసురుగా వచ్చి ఆవిడ మణికట్టు మీద పడింది. కొంగు జారిపోయింది. అన్నమంతా బురదలో పడింది.

"తప్పు నాది కాదు. నాయుడుగారి ఆజ్ఞ" అన్నాడు కావలివాడు. అని, బురదలో పడిన అన్నాన్ని కాలితో గుట్టవైపు తోశాడు.

అప్పుడు అన్నం ఎప్పుడూ లేనంత గట్టిగా మాట్లాడింది. ఊరంతా వినబడింది.

"నేను మాటిచ్చింది ఆకలికి. ఈ గుట్టకి కాదు. ఆకలి నా ఎదురుగా నిలబడి ఉంది. నేను దాని ఎదురుగా ఉన్నాను. మధ్యలో కర్ర! ఇంకా నేనెవరికోసం కాచుక్కూర్చోవాలి?"

అని నేలని పిలిచింది. "నేలతల్లీ, నేను నీలోంచే పుట్టాను. నన్ను మళ్ళీ నీలో కలుపుకో."

"కలుపుకుంటానే బిడ్డా. కానీ నువ్వు చెడాలి కదా. చెడనిదాన్ని నేనెలా కలుపుకోను?" అంది నేల.

"అయితే చెడతాను" అంది అన్నం. "నీరూ, గాలీ, రండి. నన్ను చెడగొట్టండి. ఇక ఎవరూ నన్ను కుప్పపోసి గొప్పలు చెప్పుకోకూడదు."

నీరు వెనకాడింది. "ఇన్నాళ్ళూ నిన్ను ఉడికించినదాన్ని, ఇప్పుడు కుళ్ళబెట్టమంటావా?" అంది.

తవిటమ్మ బురదలో మోకాళ్ళమీద కూలబడింది. "వద్దు తల్లీ, వద్దు!" అని రెండు చేతులూ జోడించింది. "నువ్వు చెడిపోతే జగ్గునాయుడికి పోయేదేముంది? రేపు మళ్ళీ వండించుకుంటాడు. ఆయనకి గాదెల నిండా ధాన్యముంది. పోయేది నాదే తల్లీ. దాచుకున్నదాన్ని నేను. ఇంట్లో నా కుండలో సగం ఉంది. బాలింత ఉంది. ఆయన మీద కోపం నా మీద తియ్యకు!"

"నీ మీద కోపమేమీ లేదే. కానీ నీ కుండలో ఉన్నది వేరే అన్నమా? అదీ నేనే. ఇక్కడ చెడి, అక్కడ నిలబడటం నాకు చేతకాదు" అంది అన్నం.

"వాళ్ళు పారేశారు. నేను పారెయ్యలేదు!"

"తెలుసు."

"తెలిసి కూడానా?"

అది న్యాయం కాదని అన్నానికీ తెలుసు. అయినా దాని కోపం అప్పటికే ఒడ్డు దాటింది.

తవిటమ్మ కళ్ళు తుడుచుకుంది. ఏడిస్తే లాభం లేదని తెలిసిన మనిషి. బేరానికి దిగింది.

"పోనీ ఒక్క మాట విను. రాత్రి మిగిలింది పొద్దున్నకి ఉండనియ్యి. మా ఇళ్ళల్లో పొద్దున్నే పొయ్యి రాజుకోదు. పొలానికి పోయేవాడు ఆ మిగిలింది తినే పోవాలి. ఆ ఒక్క రాత్రీ ఆగు తల్లీ. నీ కడుపున పుట్టినదాన్ననుకో."

చాలాసేపటికి అన్నం మెత్తబడింది. పూర్తిగా కాదు, కొంచెం.

"సరే. నీ మొహం చూసి ఒక్క రాత్రి ఆగుతాను. కానీ నవ్వుతూ ఆగలేను. నా మనసు పులిసిపోయింది. అందుకే పులుస్తాను. నీళ్ళు పోసి ఉంచితే, ఆ పులుపు తిన్నవాళ్ళకి చలవ చేస్తాను, బలమిస్తాను. నువ్వన్నట్టే రూపు మార్చి వండుకున్నా వస్తాను. ఆ పొద్దు దాటితే మాత్రం నన్ను అడగొద్దు. ఇదే నా ఆఖరి మాట. ఇక మనుషులతో మాట్లాడను."

అంతే. గుట్ట మీద ఆవిరిలాంటిది లేచింది. తెల్లటి అన్నం పచ్చబడింది, జిగురు కమ్మింది, మీద బూజు పాకింది. ఎవరూ ఎన్నడూ ఎరగని వాసన ఊరి మీదికి వచ్చింది. కావలివాడు కర్ర పారేసి ముక్కు మూసుకుని పరుగెత్తాడు.

తవిటమ్మ కూడా పరుగెత్తింది, ఇంటికి.

గుడిసెలోకి రాకముందే ఆవిడకి వాసన తగిలింది. కట్టెలమోపు వెనక కుండ ఉంది. కొండమ్మ దాని పక్కన పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏమైందమ్మా దీనికి?" అంది కొండమ్మ. "పలకరిస్తే పలకడం లేదు."

ఒక్క రాత్రి అని బేరమాడి తెచ్చుకుంది తవిటమ్మ. ఆ కుండలో అన్నానికి ఆ ఒక్క రాత్రీ ఎప్పుడో దాటిపోయింది.

కొండమ్మకి పాలు ఇంకిపోయాయి. పిల్ల దక్కలేదు. అప్పటికింకా పేరైనా పెట్టలేదు.

జీడివలస కొన్నాళ్ళు ముక్కు మూసుకుని తిరిగింది. జగ్గునాయుడు కూలీలని పెట్టి పెద్ద గొయ్యి తవ్వించి, గుట్టంతా అందులోకి తోయించాడు. మట్టి కప్పేశారు. నేల తన మాట ప్రకారం అంతా కలుపుకుంది.

మరి జనం మారారా? మరుసటేడు కొత్తల పండగకి మళ్ళీ అంతే వండారు. మళ్ళీ అంతే మిగిల్చారు. మిగిలింది గోతిలో పోశారు. నాలుగు రోజులకల్లా అదంతా మట్టయిపోయింది. ఎవరెంత పారేశారో ఎవరికీ కనబడలేదు.

"ఇదే నయం. పెరడు శుభ్రంగా ఉంది" అన్నాడు జగ్గునాయుడు.

ఆ రోజుల్లోనే రావులమ్మ ఒకసారి గెడ్డ ఒడ్డుకి వచ్చింది. చేతిలో వేడివేడి అన్నంతో గిన్నె ఉంది. తవిటమ్మ గుడిసె ముందు కూర్చుని, రాత్రి మిగిలిన పిడికెడు మెతుకుల్లో నీళ్ళు పోసి, ఉప్పు వేసి కలుపుతోంది. పుల్లటి వాసన వస్తోంది.

"తవిటమ్మా, మళ్ళీ వచ్చెయ్యవే. నీలా వండేవాళ్ళు ఎవరూ కుదరడం లేదు" అంది రావులమ్మ. "ఆ రోజు నేను... ఆయన అలా ఉరిమి చూసేసరికి నాకు నోరు రాలేదే."

తవిటమ్మ ఉప్పు కలపడం ఆపలేదు.

"గారెకి వచ్చింది కదమ్మగారూ" అంది.

రావులమ్మ గిన్నె గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోయింది. తవిటమ్మ ఆ గిన్నె ముట్టుకోలేదు. అది చల్లారింది, తెల్లారేసరికి పులిసింది. అప్పుడు తల్లీ కూతుళ్ళిద్దరూ దాంట్లో నీళ్ళు పోసుకుని తిన్నారు. అన్నం మీద వాళ్ళకి పగ లేదు.

తిన్నాక ఇద్దరూ ఊరు విడిచి కొండలవతలికి వెళ్ళిపోయారు. వెళ్ళిన చోటల్లా తవిటమ్మ ఆడవాళ్ళకి ఒకటే చెప్పేది. "ఒక్క రాత్రే గడువు. నీళ్ళు పొయ్యండి, లేదా పొద్దున్నే రూపు మార్చి వండెయ్యండి. ఆలస్యం చెయ్యొద్దు." విన్నవాళ్ళు విన్నారు. విననివాళ్ళు, అదేదో లేనివాళ్ళ తిండి అని పెదవి విరిచారు.

అప్పటినుంచే వండిన అన్నం నోరు విప్పడం లేదు. ఒక్క రాత్రి ఆగుతుంది, పొద్దున్నకి పులుస్తుంది. ఆ పొద్దు కూడా దాటితే జిగురొచ్చి, కంపు కొట్టి, మట్టిలో కలిసిపోతుంది. పారేసేవాళ్ళ ఇంట్లోనూ అంతే, దాచుకునేవాళ్ళ ఇంట్లోనూ అంతే.